మిఠాయిలో మంట ఎక్కడిది?

సెలవులకు అమెరికా నుంచి విజయవాడ వచ్చిన మీ బాబాయి మీ చేతిలో ఒక మిఠాయి పెట్టాడనుకోండి. కాగితం విప్పితే గోధుమరంగు ముద్ద. నోట్లో వేసుకుంటే తియ్యగా ఉంది. కాస్త పుల్లగా, ఉప్పగా కూడా ఉంది. "ఓస్, ఇంతేనా!" అనుకునేలోగా నాలుక భగ్గుమంది. మిఠాయిలో కారమేమిటి?

ఆ మిఠాయి మెక్సికో దేశానిది. పేరు పుల్పరిందో. అందులో చింతపండు గుజ్జు, పంచదార, ఉప్పు, మిరపపొడి ఉంటాయి. మన పల్లెల్లో పిల్లలు చింతపండులో ఉప్పు, కారం, బెల్లం వేసి దంచి, పుల్లకు గుచ్చి చప్పరించరూ? దాదాపు అదే ఇది!

ఈ పోలిక వెనుక ఒక చరిత్ర ఉంది. మిరప పుట్టిల్లు అమెరికా ఖండం. 1492లో కొలంబస్ అక్కడికి చేరిన తరువాతే అది మిగతా ప్రపంచానికి తెలిసింది. పోర్చుగీసు వర్తకులు దాన్ని మన దేశానికి తెచ్చారు. అంతకుముందు మన వంటల్లో ఘాటుకు మిరియాలు వాడేవారు. మిరప అన్న పేరులోనే మిరియం దాగి ఉంది, చూశారా! చింతపండేమో ఎదురు ప్రయాణం చేసి, స్పెయిన్‌వారి ద్వారా మెక్సికో చేరింది. అక్కడ దాని పేరు 'తమరిందో'. 'హిందూదేశపు ఖర్జూరం' అనే అరబ్బీ మాట నుంచి వచ్చిందది. వారి మిరప మన పచ్చట్లోకి వస్తే, మన చింతపండు వారి మిఠాయిలోకి వెళ్లిందన్నమాట.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ఉగాది పచ్చడి తింటూ షడ్రుచుల్లో కారం ఒకటని నేర్చుకున్నాం. శరీరశాస్త్రం మాత్రం కారాన్ని రుచిగా లెక్కించదు. తీపి, పులుపు, ఉప్పు, చేదు మొదలైనవాటిని నాలుకపై ఉండే రుచి మొగ్గలు పసిగడతాయి. కారం వాటి పని కాదు. మిరపకాయలోని క్యాప్సైసిన్ అనే పదార్థం నొప్పిని, వేడిని తెలిపే నాడుల కొనలను తాకుతుంది. ఆ కొనల్లో టీఆర్‌పీవీ1 అనే మాంసకృత్తు ఉంటుంది. అది ఒక తలుపు వంటిది. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే తెరుచుకుని "కాలుతోంది!" అని మెదడుకు కబురు పంపుతుంది. క్యాప్సైసిన్ ఆ తలుపును వేడి లేకుండానే తెరుస్తుంది. అందుకే నోరు కాలకపోయినా మండుతుంది, చెమట పడుతుంది. 1997లో ఈ తలుపును కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

మంగళగిరి కొండ మీద నరసింహస్వామికి పోసే పానకం మీరు తాగే ఉంటారు. బెల్లం నీళ్లలో మిరియాలు, యాలకులు. మిరియాల్లోని పైపరిన్ కూడా ఇదే తలుపు తడుతుంది. అంటే తీపిలో ఘాటు మనకు కొత్తేమీ కాదు!

చిన్నప్పటి నుంచీ కారం తినేవారిలో ఈ నాడుల కొనలు కొంత మొద్దుబారుతాయి. అందుకే "గుంటూరు మిరపకాయ తినేవాళ్లం, మాకేం లెక్క!" అని పందేలు కాస్తుంటారు. ఇక్కడే జాగ్రత్త అవసరం. కారాన్ని కొలిచే పద్ధతిని 1912లో విల్బర్ స్కోవిల్ కనిపెట్టాడు. మిరప సారాన్ని పంచదార నీళ్లలో కలిపి, మంట తెలియనంతవరకు పలచన చేస్తూ పోవడమే ఆ పద్ధతి. ఆ లెక్కన గుంటూరు సన్నం కారం సుమారు 35,000 నుంచి 40,000. శుద్ధమైన క్యాప్సైసిన్ 1,60,00,000! పందేల కోసం అమ్మే కొన్ని తినుబండారాల్లో మిరపపొడికి బదులు గాఢమైన మిరప సారం కలుపుతారు. ఆవకాయ అలవాటు అక్కడ పనికిరాదు.

2023లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో 14 ఏళ్ల బాలుడు అతి కారపు చిప్ ఒకటి పందెంగా తిన్నాడు. అదే రోజు చనిపోయాడు. క్యాప్సైసిన్ ఎక్కువగా ఉన్న ఆహారం తిన్న తరువాత గుండె ఆగిందనీ, అతనికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉందనీ వైద్య పరీక్షలో తేలింది. మంట అనేది శరీరం కొట్టే గంట. దాన్ని లెక్కచేయకపోవడం ధైర్యం కాదు.

నోరు మండితే నీళ్లకు పరుగెత్తకండి. క్యాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు. పాలు, పెరుగు మేలు. వాటిలోని కేసిన్ అనే మాంసకృత్తు క్యాప్సైసిన్‌ను పట్టుకుంటుంది. భోజనం చివర పెరుగన్నం తినే మన అలవాటు ఎంత తెలివైనదో చూడండి!

ఇప్పుడొక ప్రయోగం. రెండు గ్లాసుల నీళ్లలో సమానంగా చిటికెడు మిరియాలపొడి కలపండి. ఒకదానిలో మాత్రం బెల్లం కూడా వేయండి. ఒక్కొక్క గుటక తాగి, ఏది ఎక్కువ ఘాటుగా ఉందో రాసుకోండి. తరువాత బెల్లం వేసిన పానకాన్నే కొంత గోరువెచ్చగా, కొంత చల్లగా తాగి చూడండి. ఏది ఎక్కువ మండింది? ఎందుకు? నాడుల కొనల్లోని ఆ తలుపును గుర్తుచేసుకుంటే జవాబు మీకే తడుతుంది.