నర్సమ్మ చేతిలో అద్దం

జ్వరం ఎంత ఉన్నదో థర్మామీటరు చెబుతుంది. నాడి ఎంత వేగంగా కొట్టుకుంటున్నదో గడియారం చూసి లెక్కకట్టవచ్చు. కాని రోగి పక్కన నిలుచున్న నర్సమ్మ మనస్సులో ఏమున్నదో కొలిచే సాధనం ఏదీ? ఆ పని ఆమే చేసుకోవాలి. అదీ చదువులో భాగమేనని నర్సింగు విద్య గుర్తించి చాలాకాలమయింది.

1952లో హిల్డెగార్డ్ పెప్లావ్ అనే అమెరికా నర్సు, రోగికీ నర్సుకూ మధ్య ఏర్పడే సంబంధాన్ని గురించి ఒక గ్రంథం ప్రచురించారు. రోగి ప్రవర్తనతోపాటు తన ప్రవర్తననూ నర్సు గమనించుకోవాలన్నది ఆమె బోధ. 1955లో జోసెఫ్ లఫ్ట్, హ్యారీ ఇంగమ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు నాలుగు గళ్ల పటం ఒకటి తయారుచేశారు. ఇద్దరి పేర్లూ కలిసివచ్చేలా దానికి 'జొహారీ కిటికీ' అని పేరు వచ్చింది. మనకూ ఇతరులకూ తెలిసినది ఒక గడి. ఇతరులకు తెలిసి మనకు తెలియనిది రెండవది. మనం దాచుకున్నది మూడవది. ఎవరికీ తెలియనిది నాలుగవది. భారత నర్సింగ్ కౌన్సిల్ వారి బి.ఎస్సి. పాఠ్యప్రణాళికలో, మానసిక ఆరోగ్య నర్సింగు కింద, ఈ కిటికీ కూడా ఒక పాఠమే.

పాఠం పుస్తకంలో ఉంటే చాలదు కదా! ఖమ్మం జిల్లాలోని వేంసూరు నుంచి భద్రాచలం అడవుల అంచు దాకా ఉన్న పల్లెలను తలచుకోండి. ఇంట్లో కోయభాష మాట్లాడే తల్లి ఒకామె, మూడు రోజుల జ్వరంతో ఉన్న బిడ్డను ఎత్తుకొని ఆసుపత్రికి వచ్చిందనుకుందాం. నర్సింగు చదువుతున్న పిల్ల, "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావ్?" అని కసురుతుంది. తల్లి తల వంచుకుంటుంది. బిడ్డకు ఏ పసరు పట్టిందో, చివరిసారి ఎప్పుడు పాలు తాగాడో ఇక చెప్పదు. వైద్యానికి కావలసిన సమాచారం ఆ ఒక్క మాటతో ఆగిపోయింది!

ఇక్కడే పంతులమ్మ పని మొదలవుతుంది. రోగి ఏమన్నదీ, తానేమన్నదీ, అప్పుడు తనకేమనిపించిందీ వరుసగా రాసుకురమ్మంటుంది. రాస్తూ పోగా పిల్లకు సంగతి బోధపడుతుంది: తనది కోపం కాదు, భయం. బిడ్డ తన చేతుల్లోనే పోతాడేమోనన్న భయం, కసురుగా బయటపడింది. అది తెలిసిన తరువాత, భయం ఉన్నా మాట మారుతుంది. "జ్వరం ఎప్పట్నుంచమ్మా? పసరేమన్నా పట్టావా? ఫరవాలేదు, చెప్పు" అంటుంది. తల్లి చెబుతుంది.

అయితే ఆ రాత, తప్పులు పట్టి నలుగురిలో నవ్వడానికి కాదు. అలా చేస్తే పిల్లలు నిజం దాచి, మెప్పు వచ్చేటట్టు రాస్తారు. తన విసుగును ముందు తాను గుర్తించగల పంతులమ్మే ఈ పాఠం చెప్పగలదు. నిద్రలేని డ్యూటీలకు, చాలని సిబ్బందికి ఇది మందు కాదన్నదీ మరువరాదు.

ఇంట్లో మంచాన పడిన అత్తగారికో, తండ్రికో సేవచేసే వారికీ ఈ పాఠం పనికివస్తుంది. ఒక మాట విసురుగా వచ్చినప్పుడు, అది విసుగా, అలసటా, భయమా అని ఒక్క క్షణం ఆలోచించుకుంటే, రెండవ మాట మెత్తగా వస్తుంది.