'ఇన్‌పాసిబుల్' అని ఎందుకు అనం?

'కరెక్ట్' ముందు 'ఇన్' చేరిస్తే 'ఇన్‌కరెక్ట్', అంటే సరికానిది. మరి 'పాసిబుల్' ముందు చేరిస్తే 'ఇంపాసిబుల్' అయిందేం? 'లీగల్' ముందు 'ఇల్', 'రెగ్యులర్' ముందు 'ఇర్' ఎక్కడివి?

ఇదంతా నోటి బద్ధకం. 'న' అనాలంటే నాలుక పైపళ్ల వెనక తగలాలి. 'ప'కి పెదవులు మూసుకోవాలి. 'న' తర్వాత వెంటనే 'ప' ఉంటే పెదవులు ఆగవు, ముందే మూసుకుంటాయి. 'న' కాస్తా 'మ' అయిపోతుంది. ఇంగ్లిష్‌ దాకా రాకముందే, లాటిన్‌లోనే ఈ మార్పు జరిగిపోయింది.

మన సున్నాదీ ఇదే కథ. 'అంత', 'అంబ' అని పైకి అని చూడండి. రాసేది ఒకటే సున్నా. మొదటి మాటలో 'న్' పలుకుతుంది, రెండోదాంట్లో 'మ్'. మనం ఒక్క గుర్తుతో సరిపెట్టుకున్నాం, వాళ్లు స్పెల్లింగే మార్చుకున్నారు. మనదే సుఖం!

అలాగని 'ఇన్' కనిపించిన ప్రతిచోటా 'కాదు' అని రాసేయకండి. పెట్రోలు ట్యాంకర్ మీద రాసే 'ఇన్‌ఫ్లేమబుల్' అంటే మండనిది కాదు, ఇట్టే అంటుకునేది. ఆ 'ఇన్' వేరు, దానికి 'లోనికి' అని అర్థం.