మీకు తెలుసా? ముందు అరిగేది బొటనవేలి దగ్గరే!

రాక్ క్లైంబింగ్ బూట్ల అడుగున ఉండే రబ్బరు మందం సాధారణంగా 3.5 నుంచి 5 మిల్లీమీటర్లే. కొత్తవాళ్ల బూట్లలో అది ముందుగా అరిగేది బొటనవేలి కొస దగ్గర. తప్పు బూటుది కాదు, కాలిది! చూసి మోపకుండా పాదాన్ని రాతిమీద ఈడ్చుకుంటూ పైకి తెస్తారు మరి. భువనగిరి గుట్టలాంటి గరుకురాయి మీదైతే అది ఉప్పుకాగితంతో రుద్దినట్టే.

వేలితో తడిమి చూడండి. అంచు పదును పోయి గుండ్రంగా తిరిగిందా? కొస దగ్గర రబ్బరు బాగా పలచబడిందా? ఇక సోలు మార్పించాల్సిందే. ఇంకొన్నాళ్లు లాగిద్దామనుకుంటే, వేళ్లను చుట్టి ఉండే ‘ర్యాండ్’ అనే పలుచటి రబ్బరు పట్టీకి చిల్లు పడుతుంది, మరమ్మతు ఖర్చూ పెరుగుతుంది. అన్నట్టు, మండుటెండలో కారు డిక్కీలో వదిలేస్తే సోలు అతికిన జిగురే ఊడిరావచ్చు.