టెలోమరేజ్ అంటే టెర్ట్ ఒక్కటేనా?

క్రోమోజోము కొసను టెలోమరేజ్ పొడిగించే తీరు ముచ్చటైనది. చూసి రాయవలసిన అచ్చును తనలోనే పెట్టుకు తిరిగే ఎంజైము ఇది. మనిషిలో దాని ఆర్‌ఎన్‌ఏ పొడవు 451 అక్షరాలైతే, అచ్చుగా పనికొచ్చేవి 11 మాత్రమే. అందులో కొంత మేర డీఎన్‌ఏ కొసతో జతకట్టి పట్టుకుంటుంది, మిగతా మేర చూసి టెర్ట్ అనే ప్రొటీన్ ఒక్కొక్క అక్షరమే చేరుస్తుంది. ఆరు అక్షరాలు పడేసరికి అచ్చు అయిపోతుంది. అయినా పని ఆగదు. అప్పుడే రాసిన అక్షరాలను మళ్లీ అచ్చు మొదటికి జరిపి, అక్కడ కొత్తగా జతకట్టించి, ఇంకో ఆరు రాస్తుంది. ఆ జరిగే క్షణంలో జత విడిపోక తప్పదు. మరి కొస చేజారదా? టెర్ట్ మొదటి కొసనున్న భాగం ఆ పట్టు నిలపడానికి తోడ్పడుతుంది.

ఇంత పని టెర్ట్ చేస్తోంది గనక తక్కిన ప్రొటీన్లు ఉత్త పరివారమే అనేవారున్నారు. వాళ్ల ఆధారమూ తక్కువది కాదు. 1997లో కుందేలు పసి ఎర్రకణాల రసంలో టెర్ట్‌నూ ఆర్‌ఎన్‌ఏనూ కలిపితే గాజునాళికలోనే పని మొదలైంది. అయితే ఆ రసం నీళ్లేమీ కాదు, ప్రొటీన్లను కుదురుగా మడతపెట్టే హెచ్‌ఎస్‌పీ90 వంటివి అందులో ఉన్నాయి. వాటిని అడ్డుకుంటే టెలోమరేజ్ కూర్పే కుంటుపడుతుందని 1999లో తేలింది. అసలు సంగతి, నాళికలో నడిచింది కణంలో నిలుస్తుందా అన్నది. పేక పోసేది నాడే, నిజమే. అలాగని నాడెను చూపించి మగ్గం ఇదేనంటే బరంపురం పట్టు నేసేవాళ్లు ఒప్పుకుంటారా?

కణంలో ఆ ఆర్‌ఎన్‌ఏ చివికిపోకుండా కాచేది డిస్కెరిన్, దాని జతగాళ్లు ఎన్‌ఓపీ10, ఎన్‌హెచ్‌పీ2, జీఏఆర్1. డిస్కెరిన్ జన్యువు చెడితే గోళ్లు పాడవుతాయి, నాలుక మీద తెల్లమచ్చలు పడతాయి, ఎముకమజ్జ చేతులెత్తేస్తుంది. అలాంటి రోగుల కణాల్లో టెలోమరేజ్ ఆర్‌ఎన్‌ఏ తగ్గిపోయి, క్రోమోజోము కొసలైన టెలోమియర్లు పొట్టివైనట్టు 1999లోనే చూశారు. డిస్కెరిన్‌కు రైబోజోముల తయారీలోనూ పనుంది, జబ్బు అక్కడిదేమో అన్నది గట్టి అభ్యంతరమే. దానికి జవాబు 2001లో దొరికింది. డిస్కెరిన్ బాగానే ఉండి, టెలోమరేజ్ ఆర్‌ఎన్‌ఏ జన్యువు ఒక్కటే చెడిన కుటుంబాల్లోనూ ఇదే జబ్బు కనిపించింది. ఆ ఆర్‌ఎన్‌ఏకు రైబోజోములతో పనిలేదు.

ఒక్కో టెలోమరేజ్‌లో టెర్ట్‌లు రెండా, ఒకటా అన్న తగవు చాలాకాలం సాగింది. రెండని 2007లో లెక్కగట్టారు. 2018లో అతిశీతల ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద టెర్ట్ ఒక్కటే కనిపించింది, ఆ నాలుగు ప్రొటీన్లు మాత్రం రెండేసి చొప్పున, టీక్యాబ్1 అనే ఇంకో ప్రొటీన్ ఒకటి. 2021లో ఇంకా స్పష్టమైన చిత్రం వచ్చేసరికి, ఎవరూ అనుకోని హిస్టోన్ జంట హెచ్2ఏ–హెచ్2బీ ఆర్‌ఎన్‌ఏ మెలికను అంటిపెట్టుకుని ఉంది.