నీస్ వెళ్లి శనగపిండి అట్టు తిన్నా!

ఫ్రాన్స్ సముద్రతీరం అనగానే జేబు తడుముకుంటాం. నిజమే, నీస్‌లో బీచ్ ఎదురుగా ఉండే హోటల్లో కూర్చుంటే మంచినీళ్ల సీసా బిల్లుకే గుండె గుభేల్‌మంటుంది. అందుకే నేను పాత ఊరి సందుల్లోకి దూరిపోయా. అక్కడ దొరికే ‘సొక్కా’ నోట్లో పెట్టుకోగానే... అరె, ఇది మన శనగపిండి అట్టే కదా! శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు. అంతే. పెద్ద రాగి పళ్లెంలో పల్చగా పోసి, కట్టెల ఓవెన్‌లో కాలుస్తారు. అంచులు కరకర, మధ్యలో మెత్తన. మిరియాల పొడి చల్లుకుని వేడిగా ఉన్నప్పుడే చేత్తో లాగించేయాలి. చల్లారిందా, ఇక తోలే!

గుడ్డు కూడా ఉండదు కాబట్టి వెజిటేరియన్లు నిశ్చింతగా తినొచ్చు. పక్కనే ఉల్లిపాయలతో ఊరించే ‘పిస్సలదియేర్’ చూసి మాత్రం టెంప్ట్ అవ్వకండి, అందులో ఆంచోవీ చేపలుంటాయి. చేపలు తినేవాళ్లైతే ట్యూనా, గుడ్డు, టమాటా కూరిన ‘పాన్ బాన్యా’ ప్యాక్ చేయించుకుని ఆ గులకరాళ్ల బీచ్‌కే పట్టుకెళ్లండి. వ్యూ ఎలాగూ ఫ్రీ!

కూర్ సలేయా మార్కెట్‌కి పొద్దున్నే వెళ్లాలి. సోమవారం అక్కడ పూలు, కూరగాయల బదులు పాత సామాన్లు అమ్ముతారు. హోటల్లో భోజనానికి కూర్చుంటే ‘కరాఫ్ దో’ అనడగండి, కుళాయి నీళ్లు ఉచితంగా ఇస్తారు. మధ్యాహ్నం 2 దాటాక చాలా కిచెన్లు మూసేస్తారు, మళ్లీ తెరిచేది రాత్రి 7కే.