వేకుఫీల్డు నుండి ధవళేశ్వరమునకు

రాజమహేంద్రవరమునకు దిగువగా గోదావరి యొడ్డున ధవళేశ్వరము కలదు. ఆ పేరు వినగానే పలువురకు 1852లో పూర్తియైన ఆనకట్టయు, దానిని కట్టించిన ఆర్థర్ కాటనును జ్ఞప్తికి వత్తురు. తెలుగు నవల చదువు వారికి మాత్రము అచ్చటి కొండ ముందుగా స్ఫురించును. కందుకూరి వీరేశలింగము పంతులు రచించిన రాజశేఖర చరిత్రము ఆ ధవళగిరి వర్ణనముతోనే ఆరంభమగుచున్నది. ఈ కథ 1878లో ఆయన నడపిన వివేకవర్ధని పత్రికయందు వెలువడ నారంభించి, 1880లో గ్రంథరూపమున వచ్చెను. దీనిని ఆయన వచన ప్రబంధ మనెను.

ఈ గ్రంథమునకు ప్రేరణము ఒక ఆంగ్ల నవల. ఆలివర్ గోల్డుస్మిత్తు రచించిన ఆ నవల, ది వికార్ ఆఫ్ వేకుఫీల్డు, 1766లో ప్రకటింపబడెను. పంతులుగారు మొదట దానిని తెనిగింప బూని, ఆ ప్రయత్నమును మాని, తెలుగువారి యిండ్లలో జరుగు కథగా వేరొక దానిని నిర్మించెను. కావున ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చదివినచో, కథకుడు వాడు ఉపాయములు ఎట్టివో, దేశము మారినప్పుడు అవి యెట్లు మారునో చక్కగా తెలియును.

అందు ముఖ్యమైనది వ్యంగ్యము. పైకి కనబడు అర్థమొకటి, లోపల పలుకు అర్థము వేరొకటి యగుట దాని లక్షణము. మన ఆలంకారికులు వ్యంగ్యమను మాటను ఇంతకంటె విశాలమైన అర్థమున వాడిరి గాని, ఇచ్చట ఈ పరిమితార్థము చాలును. గోల్డుస్మిత్తు నవలలో కథ చెప్పువాడు ప్రిమ్రోజు అను క్రైస్తవ మతాచార్యుడే. అతని కుమారుడు మోజెస్ సంతలో గుఱ్ఱపుపిల్ల నమ్మి, ఆ సొమ్ముతో వెండిచట్రములు గల పన్నెండు డజనుల ఆకుపచ్చ కండ్లజోళ్లు కొని తెచ్చును. చూడగా ఆ చట్రములు వెండివి కావు. మెఱుగు పూసిన రాగివి! ఇక రెండవ గుఱ్ఱమును తండ్రి స్వయముగా సంతకు తోలుకొని పోవును. అచ్చట ఒక వృద్ధుడు సృష్టి పుట్టుకను గూర్చి పండితునివలె ప్రసంగించి, ఆచార్యుని గ్రంథములను పొగడును. ఆచార్యుడు మురిసిపోయి, పనికిరాని హుండీ కాగితము పుచ్చుకొని గుఱ్ఱము నిచ్చివేయును. కుమారుని మోసగించినవాడును ఆ వృద్ధుడే యని తరువాత తెలియును. ఇంతయు ఆచార్యుడు అమాయకముగా తానే చెప్పుచుండును. తన గొప్పదనమును గూర్చి అతడు పలికిన మాటలే అతని బలహీనతను బయటపెట్టును. పాఠకుడు నవ్వును, కాని అతనిని ద్వేషింపడు.

వీరేశలింగము పంతులు కథను నాయకునిచేత చెప్పింపలేదు; బయట నిలిచి తానే చెప్పెను. అందుచేత ఆ మెత్తని ఆత్మపరిహాసము కొంత తగ్గినది. ఈ విషయమున గోల్డుస్మిత్తుదే పైచేయి. అయితే దానికి బదులుగా మఱియొక లాభము కలిగినది. రాజశేఖరుని చుట్టు చేరి ముఖస్తుతి చేయువారినందఱిని పాఠకుడు ఎడముగా నిలిచి చూడగలుగును. సంపద యున్నంతకాలము ఇల్లు విడువని వారు అది తొలగగానే కనబడకుండ పోవుట మనకు ఆశ్చర్యము కాదు. రాజశేఖరునికి మాత్రమే ఆశ్చర్యము. పాత్రకు తెలియనిది పాఠకునికి ముందే తెలియుటయే ఇచ్చటి చమత్కారము. కండ్లజోళ్ల స్థానమున బైరాగి వచ్చెను. బంగారము చేయు విద్య తనకు కలదని నమ్మించి, ఇంటనున్న వెండి బంగారములను చేజిక్కించుకొని అతడు మాయమగును. కండ్లజోళ్ల కథ ధవళేశ్వరమున ఎవ్వరిని నమ్మించును? స్వర్ణయోగమనగా ఆనాడు చెవియొగ్గని యిల్లు అరుదు.

మాఱువేషము రెండు నవలలందును కలదు. ఆంగ్ల నవలలో బర్చెలు అను బీదవాడు నిజమునకు సర్ విలియం థారన్‌హిల్ అను ప్రభువు. అతడొకనాడు ఆ ప్రభువు కథను ఇతరుని కథవలె చెప్పుచు, నడుమ ‘అతడు’ అనుటకు మాఱుగా ‘నేను’ అని నోరుజారి, చెప్పదలచినది మఱచితినని తప్పించుకొనును. తొందరగా చదువువారు ఈ సూచనను దాటిపోదురు. తెలుగున ఆ స్థానము పెద్దాపుర ప్రభువైన కృష్ణజగపతి మహారాజునకు లభించినది. రామరాజు అను పేరుతో అతడు సామాన్యునివలె సంచరించును.

అన్నిటికంటె గుఱుతింపదగినది మరణవార్త. గోల్డుస్మిత్తు కథలో ఆచార్యుని కుమార్తె ఒలీవియా మరణించెనను అసత్యవార్త వచ్చును. పంతులుగారు దానిని అల్లుని మీదికి మార్చెను: రాజశేఖరుని కుమార్తె రుక్మిణి భర్తయైన నృసింహస్వామి గతించెనని వార్త వచ్చును. ఆంగ్లేయుల యింట అది దుఃఖము మాత్రమే. గోదావరితీరమున ఆనాడు ఆ యొక్క వార్త ఒక బాలిక జీవితమునంతటిని మార్చివేయును. ఉపాయము అదియే, భారము వేరు.

కథలో నృసింహస్వామి బ్రదికి తిరిగివచ్చును. రచయిత చిక్కుముడిని సులభముగా విప్పెనని విమర్శింపవచ్చును. ఏలయన లోకమున భర్తలు అట్లు తిరిగిరారు. ఆ సంగతి పంతులుగారికి తెలియనిది కాదు. గ్రంథము వెలువడిన మఱుసటి యేట, 1881 డిసెంబరు 11వ తేదీన, ఆయన రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహమును జరిపించెను.