వ్యయశుద్ధమైన లాభం: పణ్యాధ్యక్ష ప్రకరణం – షాబాద్ ప్రాంత వ్యాపార నిర్వహణ

మైసూరు ప్రాచ్య గ్రంథాలయానికి చేరిన తాళపత్ర ప్రతిని ఆధారం చేసుకొని ఆర్. శామశాస్త్రిగారు 1909లో అర్థశాస్త్రాన్ని ప్రకటించిన నాటినుండి పండితలోకంలో ఎక్కువగా చర్చకు వచ్చినవి మండల సిద్ధాంతం, షాడ్గుణ్యం, గూఢచార వ్యవస్థ. ద్వితీయాధికరణంలోని పణ్యాధ్యక్ష ప్రకరణం నిడివిలో చిన్నది. సంస్థ నడిపేవారికి పనికివచ్చే విషయం మాత్రం అందులో చాలా ఉన్నది. దానిని షాబాద్, చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాల చిన్న సంస్థలకు అన్వయించి చూడడం ఈ వ్యాసోద్దేశం.

ముందుగా ఒక శంకను పరిహరించాలి. పణ్యాధ్యక్షుడు రాజోద్యోగి, రాజుగారి సరకు అమ్మే అధికారికి చెప్పిన నియమాలు స్వంత వ్యాపారికి ఎట్లా వర్తిస్తాయి? పణ్యాధ్యక్షుని చేతిలో ఉండేది పరుల సొమ్ము. కంపెనీ మేనేజరు చేతిలో ఉండేదీ అంతే. బ్యాంకు అప్పుతో నడిచే యజమాని చేతిలోని ధనంలో కూడా అధికభాగం అటువంటిదే. కాబట్టి లెక్క చెప్పవలసిన బాధ్యత ముగ్గురికీ సమానం.

సరకులలో సారమేదో ఫల్గువేదో, జనులకు ప్రియమైనదేదో కానిదేదో, ఏది స్థలమార్గాన వచ్చినదో ఏది జలమార్గాన వచ్చినదో ఎరిగి ధరల తారతమ్యాన్ని గ్రహించాలని ప్రకరణారంభంలోనే కౌటిల్యుడు విధించాడు. సారమంటే విలువ గలది, ఫల్గువంటే అల్పమైనది. ఫల్గుద్రవ్యానికి బరువు ఎక్కువ, వెల తక్కువ అయినప్పుడు దాని గతిని బండి కిరాయి నిర్ణయిస్తుంది. ఇండ్లలో పరిచే బండయే ఇందుకు నిదర్శనం. ('షాబాద్ బండ' అన్న పేరు విని ఆ రాయి ఈ షాబాద్‌దేనని భావించేవారున్నారు. అది కర్ణాటకలో కలబురగి జిల్లా షాహాబాద్ పేరుతో ప్రసిద్ధమైన సున్నపురాయి. తాండూరు బండ దానికి సజాతీయం.) మొయినాబాద్ పూలు ఇందుకు విరుద్ధం. వాటికి బరువు లేదు, వెల ఉన్నది, కాని మరునాటికి ఆ వెల ఉండదు. చేవెళ్ల కూరగాయలు ఈ రెండింటికి నడుమ నిలుస్తాయి.

ప్రకరణంలో అత్యంత విలువైన భాగం పరదేశ వర్తకానికి సంబంధించినది. సరకు వెలను, దానికి బదులుగా వచ్చే సరకు వెలను తెలిసికొని, శుల్కం, వర్తని, ఆతివాహికం, గుల్మదేయం, తరదేయం, భక్తం, భాగం అనే వ్యయాలను తీసివేయగా మిగిలిన దానినే ఉదయంగా చూడాలని కౌటిల్యుని మతం. శుల్కం సుంకం, వర్తని బాట పన్ను. ఆతివాహికం దారిలో రక్షణకిచ్చేది, గుల్మదేయం కావలి ఠాణాకు, తరదేయం రేవుకు చెల్లించేవి. భక్తం మనుష్యులకు, పశువులకు అయ్యే తిండి ఖర్చు. భాగం పరరాజుకు చెందే వాటా. ఇన్ని పోగా ఏమీ మిగులకపోతే, సరకుకు బదులు సరకు తెచ్చుకొన్నందువల్ల లాభం ఉందేమో పరిశీలించాలి. అమ్మకపు ధరలో కొన్న ధర తీసివేసి అదే లాభమని సంతోషించడానికి ఇక్కడ తావు లేదు.

షాబాద్ సమీపంలో టమాటా గుజ్జు తయారుచేసే ఒక చిన్న సంస్థను ఊహించుకొందాం. పన్ను మినహా 100 రూపాయల అమ్మకంలో ముడిసరకుకు 52, కూలికి విద్యుత్తుకు 14, ప్యాకింగుకు 9 పోతే 25 మిగిలినట్లు కనిపిస్తుంది. యజమానులు పలువురు ఇక్కడే ఆగుతారు. రవాణాకు 6, ఏజెంటు కమీషనుకు 5, చెడి తిరిగివచ్చే సరకుకు 4 తీస్తే మిగిలేది 10. కొన్నవారు మూడు నెలలకు గాని డబ్బు ఇవ్వరనుకొందాం. వెచ్చించిన 90 రూపాయలు సాలుకు నూటికి 12 వడ్డీకి తెచ్చినవైతే మరొక 2 రూపాయల 70 పైసలు పోతాయి. ఇంక భక్తం. ఇంటివారు నలుగురు పొద్దస్తమానం పనిచేస్తూ జీతం వ్రాసుకోరు. బయటివారిని పెట్టుకొంటే అయ్యే 5 రూపాయలు కూడా తీస్తే మిగిలేది 2 రూపాయల 30 పైసలు. ఆ మిగులును చూచి రెండవ యంత్రం కొనడానికి అప్పు చేయవచ్చునా అన్నది యజమాని ఆలోచించుకోవలసిన విషయం. స్వదేశపు సరకుపై నూటికి 5, పరదేశపు సరకుపై నూటికి 10 మించి లాభాన్ని కౌటిల్యుడు అనుమతించలేదన్నది కూడా ఇక్కడ స్మరణీయం. అంత సన్నని లాభంలో లెక్క తప్పడానికి చోటు ఉండదు.

పైన చెప్పిన వ్యయాల పట్టికలో నిరీక్షణ కాలం లేదు. తృతీయాధికరణంలో ఋణాదాన ప్రకరణం ఆ లోటును తీరుస్తుంది. సాధారణ ఋణానికి నెలకు నూటికి ఒకటింబాతిక, వర్తకానికి 5, అడవిదారిన పోయేవారికి 10, సముద్రవర్తకులకు 20 వడ్డీగా అందులో నిర్ణయించబడింది. దారిలో అపాయం పెరిగినకొద్దీ ధనం వెల పెరుగుతుందన్న మాట. నేడు చందనవెల్లిలో వెల్‌స్పన్, సీతారాంపూర్‌లో కైటెక్స్ వంటి పెద్ద సంస్థలు షాబాద్ మండలానికి వచ్చాయి. ఇటువంటి పరిశ్రమల చుట్టూ భోజనం, రవాణా, మరమ్మతు, ప్యాకింగు పనులు చేసే చిన్న సంస్థలు పుడతాయి. వాటికి నిరీక్షణ కాలమే సముద్రం. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం ప్రకారం నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థకు ఒప్పందం ఉన్నా 45 దినాలు మించకుండా సొమ్ము చెల్లించాలి. మించితే బ్యాంకు రేటుకు మూడురెట్లు, నెలనెలా చక్రవడ్డీ. కాబట్టి నమోదు చేసికోవడం, సరకు స్వీకరించిన తేదీని సంతకంతో తీసికోవడం అవశ్యకర్తవ్యాలు. అయినా తన వ్యాపారంలో సగం ఇచ్చే ఖాతాదారును వడ్డీ అడిగే ధైర్యం ఎందరికుంటుంది? ఏ ఒక్క ఖాతాకూ అంత భాగం ఇవ్వకుండా ఉండడమే చట్టంకన్నా దృఢమైన రక్షణ అని నా అభిప్రాయం.

సరకు వెల్లువెత్తినప్పుడు పణ్యాధ్యక్షుడు దానిని ఏకముఖంగా అమ్మించాలని, అది చెల్లేవరకు ఇతరులు అమ్మరాదని చతుర్థాధికరణంలో ఉన్నది. టమాటా ధర పడిపోయిన దినాన మార్కెట్టు యార్డును చూచినవారికి ఈ విధి అర్థం వివరించనవసరం లేదు. నేడు ఆజ్ఞాపించే అధ్యక్షుడు లేడు. 2002 నాటి చట్టసవరణతో ఏర్పడిన ఉత్పత్తిదారుల కంపెనీ ఆ స్థానంలో నిలువగలదు. పదిమంది ఉత్పత్తిదారులు చేరి దానిని స్థాపించవచ్చు. సభ్యునికి వాటాలెన్ని ఉన్నా ఓటు ఒక్కటే. సంభూయసముత్థానమని ధర్మశాస్త్రాలు వ్యవహరించినది దీనికి దగ్గరిదే. చిక్కు ఒకటున్నది. ధర పెరిగిన దినాన సభ్యుడు బయట అమ్ముకొంటే ఏకముఖత్వం చెడుతుంది. సభ్యుడు ఏ నెలలో ఎంత సరకు ఇవ్వాలో, ఇవ్వకపోతే ఏమి కోల్పోతాడో ముందే వ్రాసికోవాలి.

తిరస్కరణ విషయం కూడా వ్రాతలో ఉండాలి. కొన్న సరకును గాని అమ్మిన సరకును గాని రద్దుచేసికొనే గడువు వర్తకులకు ఒక రాత్రి, కర్షకులకు మూడు, గోరక్షకులకు ఐదు రాత్రులని కౌటిల్యుడు నియమించాడు. త్వరగా చెడే సరకులకు వేరు ఏర్పాటు చేశాడు. పూలు, ఆకుకూరలు కొనే సంస్థ తూకం చీటీ ఇచ్చిన దినమే గేటు దగ్గర తిరస్కరించాలి తప్ప, వారం తరువాత బిల్లులో కోత విధించరాదన్న షరతును మొయినాబాద్ రైతు తన కొనుగోలు పత్రంలో చేర్పించుకోవచ్చు.